బొట్టు పెట్టిన మిషను

మీరు ఫోన్లో వస్తువు కొంటారు. నచ్చకపోతే ఫోన్లోనే ఒక నొక్కు నొక్కి వెనక్కి పంపిస్తారు. ఆ వస్తువు తీసుకుపోడానికి మీ గడపలోకి ఒక మనిషి వస్తాడు చూడండి, చెమట కార్చుకుంటా, భుజాన ఇంత సంచి తగిలించుకొని, మీ మొహం చూడకుండా ఫోన్ చూసుకుంటా. ఆ మనిషిని నేనే. మొన్నమొన్నటి దాకా. మోకాళ్ళు మొరాయించినాక మానేసి, ఇప్పుడు ఇంట్లో కూర్చొని మా ఆవిడ చేత మాటలు పడతా ఉన్నా. ఆ పనిలో ఎన్నో గడపలు ఎక్కి దిగినా గానీ, ఒక్క ఇంటిని మాత్రం మర్చిపోదామన్నా నా వల్ల కావడం లేదు. అది చెప్తా. సరదా కథ కాదు. సరదా కావాలంటే మీ ఫోన్లోనే బోలెడుంటాయి, అవి చూసుకోండి.

అంతకుముందు నేను టీవీ మెకానిక్కుని. మార్కాపురంలో ఒక శెట్టి గారి దుకాణం, టీవీలు, మిక్సీలు, ఫ్రిజ్జులు అమ్మేది. మీసాలు రానప్పుడు చేరినా, తల నెరిసేదాకా ఆడనే ఉన్నా. ఆ దుకాణంలో ఒక పద్ధతుండేది. ఎవరన్నా టీవీ కొంటే డబ్బా ఆడనే విప్పి, బొమ్మ వచ్చిందాకా నేను చూపించాల. బొమ్మ వచ్చినాక శెట్టి గల్లాపెట్టె దగ్గర్నుంచి లేచొచ్చి, తన చేత్తోనే టీవీకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కర్పూరం తిప్పి, "తీసుకపో నాయనా, చల్లగా ఉండు" అనేవాడు. ముస్లింల ఇండ్లకు పోయేదైతే బొట్టు బదులు ఇంత చక్కెర పొట్లం చేతిలో పెట్టేవాడు. గిద్దలూరోళ్ళు, కొమరోలోళ్ళు, బేస్తవారిపేటోళ్ళు బస్సు పైన కట్టుకొని తీసుకపోయేవాళ్ళు. కొన్నాళ్ళకు బొమ్మ దుంకుతుందని మళ్ళీ అదే బస్సు మీద ఎక్కించుకొని వస్తే, శెట్టి ముందు బిల్లు అడిగేవాడు కాదు. టీవీ నొసలు చూసేవాడు. "మన బొట్టేలేరా, లోపల పెట్టు" అనేవాడు. నేను స్క్రూడ్రైవరు తీసేవాణ్ణి.

తర్వాత ఏమైందో మీకు తెలుసు. మా దుకాణానికొచ్చి, టీవీ చూసి, నన్ను నాలుగు ప్రశ్నలడిగి, మా ఫ్యాను కింద చల్లగా కూర్చొని, బయటికి పోయి ఫోన్లో కొనుక్కునేవాళ్ళు. వాళ్ళను తప్పుపట్టను. చవగ్గా వస్తే నేను మాత్రం మానుకుంటానా? శెట్టి షట్టరు దించేసినాడు. ఆ వయసులో నాకింగ ఎవరు పనిస్తారు? ఊళ్ళోనే, ఫోన్లో అమ్మే కంపెనీ నడిపే ఒక కొరియర్ ఆఫీసులో రిటర్న్ చెకింగ్ పని దొరికింది. కరెంటు వస్తువులు వెనక్కి తీసుకునేటప్పుడు చూసేదానికి కాస్త తెలిసిన మనిషి కావాలన్నారంట. తెలిసిన మనిషిని పెట్టుకున్నారు గానీ, స్క్రూడ్రైవరు మాత్రం తియ్యనియ్యలేదు. ఫోన్లో ప్రశ్నలొస్తాయి. డబ్బా ఉందా? చార్జరు ఉందా? వస్తువు మీద గీతలు, మరకలు ఉన్నాయా? ఔను, కాదు, అంతే. మరకలు ఉన్నాయని నొక్కితే ఇంగ నా చేతిలో ఏమీ ఉండదు. ఎక్కడో పెద్ద ఊర్లో, హెడ్డాఫీసులో కూర్చున్న మనిషి వీడియోలో వస్తువును చూసి, తీసుకోమనో వద్దనో చెప్తాడు.

ఆ ఆఫీసుకు ఇన్‌చార్జి ఒక ఆడపిల్ల. ముస్లింల అమ్మాయి, డిగ్రీ చదివింది, నా కూతురు వయసుంటుంది. నన్ను చాచా అనేది. కోపమొస్తే తెలుగులో మొదలుపెట్టి వాళ్ళ ఉర్దూలోకి పోయేది. నాకేమో కోపం ఎప్పుడూ ముక్కు మీదనే ఉంటుంది. మేమిద్దరం ఒకే టేబులు మీద టిఫిన్ డబ్బాలు విప్పుకొని, ఒకరినొకరు తిట్టుకొని, కూరలు మార్చుకొని తినేవాళ్ళం. అంత మంచి మనిషితో నేను మళ్ళీ పనిచెయ్యలేదు.

ఒకరోజు పొద్దున ఆమె నా ఫోన్‌కి ఒక అడ్రసు పంపింది. పలకల ఫ్యాక్టరీల వెనక సందు. వస్తువు ఆక్సిజన్ మిషను. కారణం, పనిచెయ్యడం లేదు.

మా ఊరి పలకల సంగతి మీలో ఎంతమందికి తెలుసో. మీ తాతలు అ ఆలు దిద్దిన నల్ల పలకలు మా కొండల్లోంచి వచ్చినవే. ఆ రాయిని మిషను మీద సన్నగా కోస్తుంటే లేచే దుమ్ము మనిషి ఊపిరితిత్తుల్లోకి పోయి కూర్చుంటుంది. ఇంగ బయటికి రాదు. నేను పోయిన ఇంటాయన వయసంతా ఆ కోత పనిలోనే అయిపోయింది. మంచం మీద రెండు దిండ్లకు ఆనుకొని కూర్చోనున్నాడు. మెడ కింద గుంట ప్రతి ఊపిరికీ లోపలికి పోతా వస్తా ఉంది. పక్కన అద్దెకు తెచ్చిన చిన్న సిలిండరు, ముక్కుకు పైపు. ఆయన భార్య పలకలకు చెక్క చట్రాలు బిగించే పనికి పోతుంది. డాక్టరు ఇంట్లో ఆక్సిజన్ మిషను పెట్టుకోమంటే, డ్వాక్రా లోను తీసుకొని, పక్కింటోళ్ళ ఫోన్లో తెప్పించిందంట.

"రా అన్నా" అనింది. "నిన్ననే వచ్చింది. పెట్టినకాడ్నుంచి కుయ్యి కుయ్యి అని మొత్తుకుంటా ఉంది. గాలైతే వస్తా ఉంది గానీ ఈయనకు తేలిగ్గా లేదు."

మిషను ఆన్ చేసినా. పచ్చ లైటు వెలగాల. పసుపుపచ్చ లైటు వెలిగింది, కూత మొదలైంది. అంటే గాలి వస్తుంది గానీ అందులో ఆక్సిజన్ సరిపడా లేదని అర్థం. పుస్తకంలో బొమ్మేసి మరీ ఉంది. ఆయన వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు పెట్టి చూస్తే అంకె పైకి లేవడం లేదు, సిలిండరు పైపుకు మారిస్తే లేస్తా ఉంది. ఇందులో తెలివితేటలు ఏమీ అక్కర్లేదు, కళ్ళుంటే చాలు. మిషను చెడిపోయొచ్చింది, అంతే.

అప్పుడు మిషను ముందువైపు తిప్పినా. తెల్లటి మిషను నొసటన నిండా పసుపు, నడుమ కుంకుమ. రెండు పక్కలా ఒక్కో బొట్టు. గాలి పీల్చుకునే జాలీ మీద కూడా ఒకటి.

"ఏందమ్మా ఇది?"

"బొట్టన్నా. కొత్త వస్తువు గదా. ఈయన ప్రాణం నిలబెట్టేది, ఒట్టిదాన్ని ఎట్ల ఆన్ చేస్తాం?"

ఏం చెప్పమంటారు? ఆమె చేసింది మా శెట్టి జీవితమంతా చేసిన పనే. ఆయన పెడితే అమ్మినందుకు గుర్తు. ఈమె పెడితే అది ఫోన్ లెక్కలో మరక. "తొందరగా తుడువమ్మా" అన్నా. తడిగుడ్డ తెచ్చింది. కుంకుమ పోయింది, పసుపు పోలేదు. సబ్బు పెట్టింది, కొబ్బరినూనె పెట్టింది, చీర కొంగుతో రుద్దింది. ఆ ప్లాస్టిక్కు అది పీల్చేసుకుంది. రుద్దే కొద్దీ ఇంకా వెడల్పయింది.

మంచం మీంచి ఆయన నవ్వినాడు. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గు తగ్గిందాకా ఆగి, "బావా, పలకైతే తడిగుడ్డకు పోయేది" అన్నాడు. ఆయన భార్య నన్ను అన్నా అంటే ఆయనకు నేను బావనే గదా. ఆ మాటకు నేను కూడా నవ్వినా.

మరకలున్నాయా అనే ప్రశ్న దగ్గర ఆగినా. లేవని నొక్కుదామంటే ఫోటో అడుగుతుంది, ఫోటోలో నిమ్మపండంత పసుపు. ఔను అని నొక్కినా. వీడియో వచ్చింది. ఒక కుర్రగొంతు.

"సార్, ఆ ఎల్లో కలర్ ఏంటి సార్?"

"పసుపు."

"అంటే ప్రొడక్ట్ యూజ్ చేశారా?"

"బొట్టు పెట్టినారయ్యా. నువ్వు బొట్టు చూడమాక. పైన ఆ లైటు చూడు. ఆ కూత విను. మిషను పనిచెయ్యడం లేదు. ఎదురుగా పేషెంటు ఉన్నాడు, చూపించమంటావా?"

"లైట్ సరే సార్. కానీ ప్రొడక్ట్ ఒరిజినల్ కండిషన్‌లో లేదు. కస్టమర్ డ్యామేజ్ కింద వస్తుంది."

"నువ్వు తెలుగోడివేనా? మీ ఇంట్లో బండి కొంటే బొట్టు పెట్టరా?"

ఆ పిల్లగాడు గొంతు తగ్గించి, "మా అమ్మ కూడా పెడుతుంది సార్. ఇక్కడ ఆ ఆప్షన్ లేదు" అన్నాడు. ఫోన్ మీద ఎర్ర అక్షరాలొచ్చినాయి, పికప్ క్యాన్సిల్ అని.

ఆ పిల్లగాణ్ణి నోటికొచ్చినట్లు తిట్టినా. తిట్టి ఏం లాభం? లైను అప్పటికే కట్ అయింది. తిట్లన్నీ ఆ ఇంట్లో వాళ్ళే విన్నారు. ఆమె గుడ్డ చేతిలో పట్టుకొని నిలబడి, "అన్నా, నేనే చెడగొట్టుకుంటినా?" అనింది. "కాదమ్మా, అది వచ్చేటప్పుడే చెడిపోయొచ్చింది" అన్నా. ఆమె నా మాట నమ్మలేదు. నమ్మలేదని ఆమె కళ్ళల్లోనే తెలుస్తా ఉంది. బొట్టు పెట్టబట్టే పోయిందని ఆమె మనసులో పడిపోయింది.

ఆఫీసుకు పోయి సంచి నేలకేసి కొట్టినా. ఇన్‌చార్జి అమ్మాయి అంతా విని, "ఏంది చాచా ఇది, యా అల్లా" అని, హెడ్డాఫీసుకు ఫోన్ చేసింది. తెలుగులో అడిగింది, ఇంగ్లీషులో అడిగింది, ఆఖరికి ఉర్దూలో తిట్టింది. వాళ్ళు, మా రిటర్న్ పాలసీ ఇదీ, కస్టమర్ ఒప్పుకొనే కొన్నది అన్నారు. ఆమె ఫోన్ పెట్టేసి, ఏమో వెతికి, "పాలసీ వాళ్ళది. చట్టం మనది. పదండి చాచా" అని స్కూటీ తీసింది.

ఆ సాయంత్రం ఆ ఇంట్లో, ఆయన మంచం పక్కన స్టూలు మీద కూర్చొని, ఆ అమ్మాయి చట్టంలో ఉన్న ముక్క వాళ్ళకు అర్థమయ్యేటట్టు చెప్పింది. "చూడక్కా, ఆన్‌లైన్లో అమ్మినోళ్ళు, వస్తువు చెడిపోయినదైతే వెనక్కి తీసుకోనని అనకూడదు. నకిలీదైనా అంతే. చెప్పింది ఒకటి పంపింది ఒకటైనా అంతే. చెప్పిన టైముకు రాక ఆలస్యంగా వచ్చినా అంతే. బొట్టు పెట్టినంత మాత్రాన నీ హక్కు యాడికీ పోదు." ఆమె అన్నిటికీ తల ఊపుతా వినింది. ఆయన కళ్ళు మూసుకొని విన్నాడు.

మొదట వినియోగదారుల హెల్ప్‌లైనుకు ఫోన్ చేసినాం. వాళ్ళు మర్యాదగానే రాసుకున్నారు, కంపెనీకి పంపినారు. కంపెనీ మళ్ళీ అదే పాట పాడింది, కస్టమర్ డ్యామేజ్. అప్పుడు ఒంగోలు వినియోగదారుల కమిషన్‌కు ఆన్‌లైన్లో ఫిర్యాదు పెట్టినాం. కొన్న మనిషి ఉండే చోటే కేసు వేసుకోవచ్చు, కంపెనీ ఉండే పెద్ద ఊరికి పోయే పనిలేదు, లాయరు లేకపోయినా పర్వాలేదు. ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. లైటు ఫోటోలు, కూత రికార్డు, అన్నీ ఆ అమ్మాయే ఎక్కించింది. మిషను లోపల చెడిందని, పసుపుకూ దానికీ సంబంధం లేదని నేను రాసి సంతకం పెట్టినా. పనిచేసే చోటును కాదని సంతకం పెట్టడమేందని హెడ్డాఫీసోళ్ళు మా ఇద్దర్నీ ఫోన్లో బెదిరించినారు. ఆ అమ్మాయి ప్రమోషన్ అప్పుడే ఆపేసినారు. నన్ను తీసేస్తామన్నారు. "తీసెయ్యండి, మా ఆవిడ నన్నెప్పుడో లెక్కలోంచి తీసేసింది, మీరొక లెక్కా" అన్నా. అప్పటికి నాకు నిజంగా భయం లేదు.

భయం వేరేదాని మీద. ఆ సందులో నుంచి పోయినప్పుడల్లా నేను ఆగి తొంగిచూసేవాణ్ణి. సిలిండరు చిన్నది. అయిపోతే ఆమె పని మానుకొని, ఆటోలో వేసుకపోయి, నింపించుకొని రావాల. ఆ కాస్సేపూ ఆయన ఊపిరి బిగపట్టుకొని కూర్చునేవాడు. మిషను మూలన ఉండేది, పసుపు నొసటితో. ఒకసారి పోతే ఆమె దాన్ని మళ్ళీ రుద్దతా ఉంది. "ఇంగ రుద్దమాకమ్మా, అది ముఖ్యం కాదు" అంటే వినలేదు. "పోతే తీసుకుంటారు గదన్నా" అనింది. చట్టం ఆమెకు చెప్పినాం, ఆమె విన్నది, తల ఊపింది. కానీ ఎర్ర అక్షరాలు ఆమె కళ్ళతో చూసింది గదా. చూసిందే నమ్మింది.

కమిషన్ నుంచి నోటీసు పోయినాక కంపెనీ దిగొచ్చింది. తప్పు ఒప్పుకోలేదు. 'కస్టమర్ సంతృప్తి కోసం' కొత్త మిషను పంపుతాం అనింది. ఆ మాట ఫోన్లో వచ్చిన రోజు ఆఫీసులో ఆ అమ్మాయి మిఠాయి తెప్పించింది. నేను రెండు లడ్డూలు కాగితంలో చుట్టుకొని ఆ ఇంటికి పోయినా. ఆయన ఒక తునక నోట్లో వేసుకొని, నమిలే ఓపిక లేక చప్పరిస్తా కూర్చున్నాడు. "ఈసారి బొట్టు పెట్టనియ్యను లే బావా" అన్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. ఆ ఇంట్లో ఆమె నవ్వు చూసింది ఆ ఒక్కసారే.

మిషను ఇదిగో వస్తుంది, అదిగో వస్తుంది అన్నారు. స్టాకు లేదన్నారు. వేరే ఊరి గోడౌన్ నుంచి రావాలన్నారు. ఎండలు ముదిరినాయి. ఒక మిట్టమధ్యాహ్నం సిలిండరు అయిపోతే ఆమె ఆటో పిలుచుకొని పోయింది. నింపించుకొని వచ్చేసరికి ఆయన దిండ్ల మీంచి పక్కకు ఒరిగిపోయినాడు. ఆటో అతను సిలిండరును భుజాన పెట్టుకొని గడప దాకా వచ్చి, లోపలికి రావాలో వద్దో తెలీక ఆడనే నిలబడినాడంట. నాకు సాయంత్రం తెలిసింది. పోయినా. అరుగు మీద కూర్చొని వచ్చేసినా.

కొత్త మిషను ఆయన పోయిన తర్వాత వచ్చింది. డెలివరీ మనిషి డబ్బా ఇచ్చి, పాతదాన్ని తీసుకుపోయినాడు. ఈసారి మరకల గురించి ఫోన్ ఒక్క ప్రశ్న కూడా అడగలేదంట. పసుపు నొసటితోనే ఆటో ఎక్కింది. అది విని నాకు ఎంత మండిందో చెప్పలేను. అప్పుడు తీసుకోలేని వస్తువును ఇప్పుడెట్ల తీసుకున్నార్రా? ఎవర్నడగాల? అడిగినా ఎవరు చెప్తారు?

పిల్లలూ, ఈ కాస్త మాత్రం వినండి. ఏదన్నా కరెంటు వస్తువొస్తే డబ్బా విప్పేటప్పుడే వీడియో తీసి పెట్టుకోండి. చెడిపోయిందని తెలిసిన రోజే ఫిర్యాదు చెయ్యండి. పాలసీ అని ఎవరన్నా గద్దిస్తే తలొంచుకొని ఊరుకోవద్దు. మీ అమ్మ, మీ అవ్వ వస్తువుకు బొట్టు పెడతానంటే పెట్టనియ్యండి, ఆన్ చేసి, పనిచేస్తుందని చూసినాక పెట్టమనండి. మా శెట్టి అట్లనే చేసేవాడు. ముందు బొమ్మ, తర్వాత బొట్టు. ఆ వరస తెలియక ఆమె పడిన బాధ చాలు.

పెద్దకర్మ అయిన తర్వాత ఒకరోజు నా ఫోన్‌కి మళ్ళీ అదే సందు అడ్రసు వచ్చింది. రిటర్న్ పికప్. ఇన్‌చార్జి అమ్మాయి నా దిక్కు చూడకుండా, "మీరే పొండి చాచా, ఇంకెవర్నీ పంపలేను" అనింది.

డబ్బా అరుగు మీదనే ఉంది. సీలు విప్పలేదు. ఆమె గోడకు ఆనుకొని కూర్చోనుంది, నొసలు బోసిగా. నన్ను చూసి లేచింది. "మంచినీళ్ళు తాగుతావా అన్నా?" అనింది. తాగినా. 

"ఈసారి దీన్ని ముట్టుకోలేదన్నా" అనింది. "ఎవర్నీ ముట్టుకోనియ్యలేదు. తీసుకుంటారు గదా?"

"తీసుకుంటారమ్మా."

ఫోన్ ప్రశ్నలు మొదలుపెట్టింది. డబ్బా ఉందా? ఉంది. సీలు ఉందా? ఉంది. గీతలు, మరకలు ఉన్నాయా? లేవు. అన్నీ ఒప్పుకుంది. ఆఖర్న, ఎందుకు వెనక్కిస్తున్నారో కారణం కస్టమర్ చేతనే చెప్పించమనింది. నాకు చదవడం ఇష్టం లేదు. అయినా నియమం, చదివి వినిపించాల.

"రంగు నచ్చలేదు. సైజు సరిపోలేదు. వేరే చోట తక్కువకు దొరికింది. ఆలస్యంగా వచ్చింది. ఇక అవసరం లేదు."

ఇంగ అవసరం లేదని చెప్తుందనుకున్నా. నా వేలు దాని మీదికే పోయింది. ఆమె నా చెయ్యి పట్టుకొని ఆపింది. 

"అది కాదన్నా" అనింది. "ఆలస్యంగా వచ్చిందని కొట్టు. ఆలస్యంగా వచ్చినా వెనక్కి తీసుకోవాలని ఆ పాప చెప్పింది గదా, ఆ రోజు."

కొట్టినా. ఫోటో అడిగింది. డబ్బా చుట్టూ తిరిగి, నాలుగు పక్కలా తీసినా. యాడా ఒక్క మరక లేదు.